కర్రెన్న విన్న పురాణం

ఆ ఊళ్ళో ఏటా ఎండాకాలం పద్దెనిమిది రోజులు పందిరి వేసి పురాణం చెప్పిస్తారు. అయిదుగురు అన్నదమ్ముల కథ. మధ్యాహ్నం మొదలై పొద్దువాలేదాకా మైకులో మోగుతుంది, ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. మంద మేతకు పోయాక గొర్రెల దొడ్డిలో మిగిలేది ముగ్గురే: కాపలా కుక్క కర్రెన్న, కాలు విరిగిన ముసలి గొర్రె, తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల సుక్కి. సుక్కికి తల్లయినా తండ్రయినా కర్రెన్నే. వాడు నీళ్ళు తాగడానికి లేచినా "తాతా, నేనూ!" అంటూ వెంటపడేది.

కర్రెన్నకు దేవుడంటే మహా భక్తి. ఆ సంగతి నక్కకు తెలుసు. పదిహేడో రోజు అది కంచె అవతల నిలబడి దండం పెట్టింది.

"నాకు దండమేంటి బావా?"

"నీకు కాదు కర్రెన్నా, నీ జాతికి. రేపు ఆఖరి రోజు. అన్నదమ్ముల్లో పెద్దాయన స్వర్గానికి నడిచిపోతుంటే చివరిదాకా వెంట ఉండేది ఎవరనుకున్నావు? కుక్క! ఆ కుక్కే ధర్మదేవతట!"

"కుక్కా? నిజంగా?"

"నీ చెవులతో నువ్వే విను. ఇన్నేళ్ళు దొడ్డి కాసి ఏం బావుకున్నావు?"

"మరి పిల్ల?"

"ఓరి నీ! గొర్రెపిల్లను వెంటేసుకుని పందిట్లోకి పోతావా? ఇద్దర్నీ కలిపి తరుముతారు."

చూశారా, దొంగనక్క ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

మర్నాడు కర్రెన్న బయల్దేరాడు. సుక్కి కంచె సందులోంచి దూరి పరిగెత్తుకొచ్చింది.

"తాతా, నేనూ వస్తా."

"వద్దమ్మా. అది కుక్కల కథ. నీకక్కడ పనిలేదు."

"నీ పక్కన మాట్లాడకుండా పడుకుంటా తాతా."

"చెప్తే వినవా? పో!" అని పళ్ళు చూపించాడు. అంతకు ముందెప్పుడూ దాని మీద అలా కోప్పడలేదు. పిల్ల తల దించుకుని వెనక్కి పోయింది.

పందిరి అంచున, జనం విడిచిన చెప్పుల పక్కన కూర్చున్నాడు కర్రెన్న. కథ స్వర్గం వాకిట్లోకి వచ్చింది. దేవతల రాజు రథమెక్కమన్నాడు, కుక్కను మాత్రం వదిలేసి రమ్మన్నాడు. నన్ను నమ్ముకుని ఇంతదూరం నడిచిన ప్రాణిని వదిలి రాలేను, నాకా స్వర్గమే వద్దు అన్నాడు పెద్దాయన.

జనం కళ్ళు తుడుచుకున్నారు. కర్రెన్న మాత్రం దిగ్గున లేచాడు. అయ్యో, ఈ కథలో నేను కుక్కను కాదే! నన్ను నమ్ముకుని నడిచింది ఎవరు? పళ్ళు చూపించి నేను తరిమింది ఎవర్ని?

పడుతూ లేస్తూ పరిగెత్తాడు. దొడ్డి తడిక పడిపోయి ఉంది. ముసలి గొర్రె మూలన వణుకుతోంది.

"సుక్కి ఏదీ?"

"నక్క ఎత్తుకుపోయింది నాయనా. నేను లేచేలోపే అయిపోయింది. ఆఖరిదాకా పిల్ల నిన్నే పిలిచింది."

"ఏమని?"

"ఏమంటుంది? తాతా అనే. నువ్వు వస్తావనే అనుకుంది, పాపం."

పురాణంలో నీలాంటివాడు ఎక్కడున్నాడని వెతక్కు, నిన్ను నమ్ముకుని నీ వెనక ఎవరున్నారో తిరిగి చూసుకో.