పసుపు అంటిన మడ ఫెర్న్

ఒకప్పుడు మడ అడవిలో పెరిగే ఫెర్న్ మొక్కకి ఆకులన్నీ నున్నగా ఉండేవి. పైనా పచ్చే, అడుగునా పచ్చే.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉండేది ఆ అడవి. అక్కడ నీళ్లెక్కడ ఆగాయో, నేలెక్కడ మొదలైందో తెలిసేది కాదు. మంచు దిగితే అడవంతా గాల్లో తేలుతున్నట్టుండేది. చెట్లు నిద్రలోనే మాట్లాడుకునేవి.

ఫెర్న్ అక్కడికెలా వచ్చిందో దానికే గుర్తులేదు. ఏదో వరదలో కొట్టుకొచ్చి, బురదలో కళ్లు తెరిచింది.

"నీ పువ్వు ఏ రంగు?" అని అడిగింది మడచెట్టు.

"నాకు పువ్వు రాదు."

"పోనీ, కాయ?" అంది తిల్లచెట్టు.

"కాయా రాదు."

"అయితే నువ్వెవరివి? గడ్డివా, చెట్టువా, నాచువా?"

ఫెర్న్ తల వంచుకుంది. తెలిస్తే కదా చెప్పడానికి!

ఈ మాటలు సముద్రుడి చెవిన పడ్డాయి. ఆయన ఒడ్డున బతికేవాళ్లు తమవాళ్లెవరో చెప్పాలి. చెప్పలేనివాళ్లని ఆయన అలల్లో తీసుకుపోతాడు.

"పున్నమి పోటుకి వస్తాను. నీవాళ్లెవరో ఆలోచించుకో," అన్నాడు సముద్రుడు. ఆయన గొంతు జోలపాటలా మెత్తగా ఉంది. అందుకే ఫెర్న్‌కి ఇంకా భయమేసింది.

పున్నమినాటి సాయంత్రం ఆ అడవికి పీతలు పట్టడానికి ఒక పడవ వచ్చింది. అందులో నూకాలు, ఆమె కొత్త కోడలు చుక్కమ్మ ఉన్నారు. చుక్కమ్మ కొండల్లో పుట్టిన పిల్ల. అత్త మంచిదే. కానీ అత్తవారి ఊళ్లో గాలి కొత్త, కూర కొత్త, మాట కొత్త. తనవాళ్లంటూ ఒక్కరూ లేరు.

బురదలో నత్తలా చుట్టుకున్న చిగురొకటి చుక్కమ్మ కంటపడింది. గభాల్న పడవలోంచి దూకింది.

"అమ్మో! నువ్విక్కడున్నావా!"

"నేనెవరో నీకు తెలుసా?" అంది ఫెర్న్ ఆశగా.

"ఎందుకు తెలీదు? మా కొండవాగుల పక్కన ఉండేది మీవాళ్లే కదా! వాళ్ల చిగురూ ఇలాగే చుట్టుకుని పుడుతుంది, మెల్లగా విప్పుకుంటుంది. వాళ్లకీ పువ్వుండదు, కాయుండదు. వాళ్లు నా మోకాలిదాకా ఉంటారు, నువ్వు నా అంత ఎదిగావు. నీ ఆకు కాస్త మందం. అయినా మీరంతా ఒకే ఇంటివాళ్లు!"

ఫెర్న్ ఆమె వైపు వంగింది. "నాకూ ఒక ఇల్లుందా?"

ఇంతలో చంద్రుడు పైకొచ్చాడు. ఆయన వెంటే సముద్రుడూ వచ్చాడు. వెండి నీళ్లు చప్పుడు లేకుండా పెరిగాయి. చిగురు మునిగింది. కింది ఆకులు మునిగాయి. పై ఆకులు మాత్రం నీటి మీద మిగిలాయి.

"పక్కకి జరుగమ్మాయ్. అది ఎవరిదీ కాదు," అన్నాడు సముద్రుడు.

"మావాళ్లదే!"

"అయితే గుర్తు చూపించు."

చుట్టుకున్న చిగురు నీళ్లకింద ఉండిపోయింది. ఎలా చూపించడం? చుక్కమ్మ పై ఆకులని రెండు చేతులతో అడుగునుంచి పట్టుకుంది. అల వాటిని లాగుతోంది.

"చుక్కా! పడవెక్కవే! నీళ్లు గుండెల దాకా వచ్చాయి!" అని అరిచింది నూకాలు.

"దీన్ని వదిలి ఎలా రాను అత్తా? ఇక్కడ నావాళ్లంటూ ఉన్నది ఇదొక్కటే!"

నూకాలు పడవని దగ్గరికి తెచ్చి, వంగి కోడలి నడుం చుట్టూ చేతులు వేసింది.

"సరే, దాన్ని నువ్వు పట్టుకో. నిన్ను నేను పట్టుకుంటాను."

చుక్కమ్మ అరచేతుల్లో పెళ్లి పసుపు ఇంకా పోలేదు. ఆ పసుపు నీళ్లకి మెత్తబడి ఆకుల అడుగున అంటుకుంది. వెన్నెల్లో అది బంగారంలా మెరిసింది.

లాగుతున్న అల ఆగిపోయింది.

"దానికి పసుపు రాశావా తల్లీ?" అన్నాడు సముద్రుడు.

"రాశాను."

"పసుపు రాసి నాది అన్నాక, ఇంకెలా తీసుకుపోతాను?"

సముద్రుడు నిట్టూర్చాడు. నీళ్లు ఒక్కో ఆకునే వదులుతూ వెనక్కి జరిగాయి. నూకాలు కోడలిని పడవలోకి లాగి, తన కొంగుతో తల తుడిచింది.

అప్పటినుంచే మడ ఫెర్న్ పై ఆకుల అడుగున పొడి అంటి ఉంటుంది. ఉప్పుగాలికి ఆ పసుపు తుప్పురంగు తిరిగింది. ఆ పొడి ఎగిరి తడిబురదలో పడ్డచోట పిల్ల ఫెర్న్‌లు పుడతాయి. ఆరోజు నీళ్లలో మునిగిన కింది ఆకులు మాత్రం ఈనాటికీ రెండు వైపులా పచ్చగానే ఉంటాయి.