గీత లోపలి మాట

నేరేడుకోటను ఏలే మల్లభూపాలుడికి ఉత్తరాలు చెప్పి రాయించడమంటే మహా సరదా. చెప్పినదాన్ని మార్చుకోవడమంటే అంతకన్నా సరదా.

ఆయన చెబుతుంటే రాయసగాళ్ళు మసి పూసిన గుడ్డ కడితం మీద బలపంతో రాసేవారు. నచ్చని ముక్క కనబడితే రాజుగారు ఎర్ర బలపంతో దాని చుట్టూ గీత గీసి, "తుడిచెయ్" అనేవారు. మిగిలింది తాటాకుకెక్కేది.

తుడిచే పని కొమ్మనది. ఇరవై ఏళ్ళ కొలువులో అతను సంపాదించుకున్నవి రెండు తడిగుడ్డలు, ఎంత తోమినా నలుపు వదలని చేతులు. "అందరూ రాసి పేరు తెచ్చుకుంటే నేను చెరిపి తెచ్చుకున్నాను" అని తనమీద తనే నవ్వుకునేవాడు. వాకిట్లో ముగ్గు వేస్తున్నంతసేపూ భార్య అతన్ని గుమ్మం దాటనిచ్చేది కాదు, అలవాటుకొద్దీ తుడిచేస్తాడని.

రాయసం పెద్ద భైరవామాత్యుడు ఈమధ్యే తుడవడానికి కూడా ఒక శాస్త్రం రాశాడు. ఎడమచేతి గుడ్డ గీత చివర్న ఉన్న ఒక్క అక్షరాన్ని తుడవాలి. కుడిచేతి గుడ్డ గీత దాటగానే వచ్చే ఒక్క అక్షరాన్ని తుడవాలి. మరి గీత లోపలి మాటంతా? అది చూసుకోవడానికట!

ఒకనాడు పొరుగు రాజు గుర్రాలు పంపాడు. వాటిని చూసి మల్లభూపాలుడు ఒళ్ళు మండి, "మీ గుర్రాలు గాడిదల కన్నా కాస్త పొడుగు" అని రాయించాడు. కాసేపటికి కోపం చల్లారింది. ఆ వాక్యం చుట్టూ గీత గీసి, "కొమ్మనా, తుడిచెయ్" అని భోజనానికి లేచాడు.

కొమ్మన గీత లోపలిదంతా శుభ్రంగా తుడిచేశాడు. "గుర్రాలు అందాయి, సంతోషం" అన్న ఉత్తరం పొరుగు రాజ్యానికి వెళ్ళింది.

మర్నాడు భైరవామాత్యుడు నిండు కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! ఒక్క అక్షరం తుడవాల్సిన చోట వీడు వాక్యాన్నే మింగాడు. ఇవాళ వాక్యం మింగినవాడు రేపు శాసనం మింగుతాడు. వీణ్ణి కోట దాటించాలి."

"అయ్యగారూ, ఆ వాక్యం వెళ్ళి ఉంటే ఈపాటికి యుద్ధం వచ్చేది కదా" అన్నాడు కొమ్మన.

"వస్తే రానీ! శాస్త్రం శాస్త్రమే!"

రాజుగారికి హుషారు పుట్టింది. "సరే. ఇవాళ ఒక్క పత్రం శాస్త్రం ప్రకారం తుడిచి చూపించు కొమ్మనా. అక్షరం తప్పితే కోట విడిచి వెళ్ళిపో. ఏ పత్రమంటావా... మన భైరవుడి బిరుదు పత్రమే!"

ఆ సాయంత్రమే భైరవామాత్యుడికి 'రాయస శిరోమణి' బిరుదు ఇవ్వబోతున్నారు. కొమ్మన గుడ్డలు పట్టుకుని ఓ మూలకు చేరాడు. కోట దాటితే తనకు పనెవరిస్తారు? చెరిపేవాణ్ణి చేర్చుకునే ఊరెక్కడుంది? గోడకు ఆనుకుని బుర్ర గోక్కుంటుంటే అందులో ఏదో మెరిసింది. ఎన్నడూ పని చెయ్యని బుర్ర కదా, మెరిసేసరికి అతనే ఉలిక్కిపడ్డాడు.

బిరుదు పుచ్చుకునేవాడు పత్రం మొదట్లో తనను తాను కాస్త తగ్గించుకుని చెప్పుకోవడం ఆ కొలువులో ఆనవాయితీ. సాయంత్రం కొలువులో భైరవామాత్యుడు వినయమంతా ఒలకబోస్తూ రాయించాడు.

"ఈ భైరవుడు మందబుద్ధి. వీడికి ఒత్తులు నిలవవు, దీర్ఘాలు తెలియవు."

దాని వెంటనే రాజుగారు చెప్పారు.

"అద్వితీయుడైన ఇతనికి రాయస శిరోమణి బిరుదు ఇస్తున్నాం."

కొమ్మన చేతులు జోడించాడు. "ప్రభూ, ఇంత పండితుడికి ఆ మందబుద్ధి మాటలు ఎందుకు? నాలాంటివాడి గురించైతే సరిపోయేవి."

"నిజమేనయ్యా" అని రాజుగారు ఆ వినయం చుట్టూ ఎర్రగా గీత గీశారు. "తుడిచెయ్!"

భైరవామాత్యుడి మొహం వెలిగిపోయింది.

కొమ్మన రెండు గుడ్డలూ పైకెత్తి అడిగాడు. "అయ్యగారూ, ఏ చేతి గుడ్డతో తుడవమంటారు?"

"కుడిచేతి గుడ్డతో! ఇరవై ఏళ్ళయింది, అదీ నేనే చెప్పాలా?"

కొమ్మన కుడిచేతి గుడ్డతో గీత దాటగానే ఉన్న ఒక్క అక్షరం తుడిచి పక్కకు తప్పుకున్నాడు.

"చదవండి" అన్నారు రాజుగారు.

చదివేవాడు గొంతు సవరించుకున్నాడు. "ఈ భైరవుడు మందబుద్ధి. వీడికి ఒత్తులు నిలవవు, దీర్ఘాలు తెలియవు. ద్వితీయుడైన ఇతనికి..."

అంతే. కొలువంతా గొల్లుమంది. రాణిగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సేనాపతి స్తంభం పట్టుకుని వంగిపోయాడు.

"ఆపండి!" భైరవామాత్యుడు గంతేశాడు. "ఒరే దుర్మార్గుడా! ఉండాల్సిన 'అ'కారం మింగి, పోవాల్సినదంతా అట్టే ఉంచావేంరా? రాజుగారు గీత గీసి మరీ చూపించారు కదా! గీత లోపలిదంతా తుడవాలని ఆ మాత్రం తెలియదా?"

కొమ్మన తల వంచుకుని మెల్లగా అన్నాడు.

"తెలుసండయ్యా. నిన్న నేను చేసిన నేరం అదే."

రాజుగారు సింహాసనం చెయ్యి మీద చరుస్తూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఇవాళ్టి నుంచి ఇదే శాస్త్రం. గీత లేకపోతే వేలు పెట్టిన చోటికి ముందున్న అక్షరం ఎడమ గుడ్డ, తర్వాతది కుడి గుడ్డ తుడవాలి. గీత గీసి చూపించాక కుడిదైనా ఎడమదైనా ఒకటే, లోపలిదంతా పోవాలి, బయటిది ఒక్క చుక్కా కదలకూడదు!"

అంటూ మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మన చేతిలో పెట్టారు. సంబరంకొద్దీ కొమ్మన దాన్ని రెండు చేతులా పట్టి కళ్ళకద్దుకున్నాడు. ముత్యాలన్నీ మసిపట్టి నేరేడుపళ్ళలా నిగనిగలాడాయి, కళ్ళచుట్టూ రెండు నల్లటి సున్నాలు పడ్డాయి. అది చూసి భైరవామాత్యుడు కూడా నవ్వాపుకోలేకపోయాడు.