వద్దండీ అన్న రాయబారి

అనగనగనగా, సముద్రం ఒడ్డున మడపల్లి అని ఓ చిన్న రాజ్యం. అక్కడ అందరూ నేతగాళ్ళే. ఒక ఏడు బట్ట కొనేవాళ్ళే రాలేదు. మగ్గాలన్నీ ఆగిపోయాయి.

అప్పుడు రాజుగారు బట్ట బేరం కుదర్చమని వల్లభయ్యని రాయబారిగా లవంగదీవికి పంపారు. ఓడలో మూడు నెలల దారి. బయల్దేరేటప్పుడు వాళ్ళక్క నూకాలు, "తమ్ముడూ, పొయ్యిలో పిల్లి లేవట్లేదురా. నీ మీదే ఆశ" అంది.

వల్లభయ్యకి ఆ దీవి భాష బాగా వచ్చు. వచ్చిన చిక్కల్లా మొహమాటంతోనే. నీకూ ఉందిగా, మొన్న పెద్దమ్మ సున్నుండ ఇస్తే వద్దని, ఇంటికొచ్చి ఏడవలేదూ?

మొదటి రోజు విందు. కొబ్బరన్నం, వేయించిన చేపలు. "ఇంకాస్త వడ్డించనా?" అన్నారు. "అబ్బే, వద్దండీ" అన్నాడు. అంతే, కంచం తీసేశారు! ఆ దీవిలో వద్దన్నవాణ్ణి మళ్ళీ అడిగితే, నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టట. పాపం, వల్లభయ్యకి కడుపులో ఎలుకలు పరిగెత్తాయి.

ఆ తర్వాత రోజు వాన. తాటాకు గొడుగు ఇవ్వబోతే, "పర్వాలేదండీ" అన్నాడు. తడిసి ముద్దయ్యాడు. ఒకటే తుమ్ములు.

మూడోరోజు ఆ దీవిని ఏలే మెలాతి రాణి కొలువులోకి పిలిచింది. "మీ బట్ట చాలా బాగుంది. ఏటా మా ఓడల్లో లవంగాలు పంపి, బట్ట తెప్పించుకోమంటారా?" అని అడిగింది.

వల్లభయ్య మనసు గంతులేసింది. నోరు మాత్రం, "అయ్యో, మీకెందుకు తల్లీ అంత శ్రమ!" అంది.

రాణి మొహం చిన్నబోయింది. "సరే, మీ ఇష్టం" అని లేచి వెళ్ళిపోయింది.

మళ్ళీ అడుగుతుందని చూశాడు, చూశాడు. అడగలేదు. అతను ఎక్కిన ఓడకి తెరచాప ఎత్తేశారు. అప్పుడు అక్క మాట గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి. అడగందే అమ్మైనా పెట్టదు కదా! పీకల్లోతు నీళ్ళలోకి దూకి, కోట దాకా పరిగెత్తాడు.

"కావాలి తల్లీ! ఓడలూ కావాలి, ఆ రోజు గొడుగూ కావాలి, కొబ్బరన్నమూ కావాలి! మా ఊళ్ళో మూడోసారి అడిగితేగానీ ఊ అనం."

రాణి తెల్లబోయింది. ఆ తర్వాత పకపకా నవ్వింది. "మా స్నేహం అక్కర్లేదేమో అని ఎంత బాధపడ్డానో!" అంది. అన్నం తెప్పించింది. వాళ్ళు అడక్కముందే వల్లభయ్య కంచం చాపాడు.

అప్పుడు ఒప్పందం రాసుకున్నారు. "మడపల్లివాళ్ళు వద్దంటే మూడుసార్లు అడగవలెను" అన్నదే అందులో మొదటి మాట.

ఏడాది తిరక్కుండా లవంగాల ఓడ వచ్చింది. మగ్గాలు మళ్ళీ టకటకలాడాయి. నూకాలు ఆనందం పట్టలేక ఓడ నడిపిన దీవి సరంగుని భోజనానికి పిలిచింది. ఆయన కడుపునిండా తిని, "చాలమ్మా" అన్నాడు. నూకాలు గరిటెడు వడ్డించింది. "వద్దమ్మా" అన్నాడు. ఇంకో గరిటె.

"అమ్మా, మేం వద్దంటే నిజంగా వద్దనే!" అన్నాడు ఆయాసపడుతూ.

"తెలుసులే నాయనా, మొహమాటపడకు" అని నూకాలు మూడో గరిటె వేసింది.

కథ వెళ్ళింది కంచికి, కునుకొచ్చింది కంటికి.