పీరమ్మ తెచ్చిన క్యాసెట్

తను పోయాక ఈ క్యాసెట్లు ఏమవుతాయన్నదే దస్తగిరి దిగులు.

ఉదయగిరి కొండ కింద దర్గాలో కరీముల్లా బాబా దగ్గర చేరకముందు అతను పెళ్లి వీడియోలు తీసేవాడు. చేరాక, దర్గాకు వచ్చేవాళ్లు ఇళ్లలో మూలపడ్డ పాత వీడియో క్యాసెట్లు తెచ్చిస్తే, బూజు తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించి భద్రం చేసేవాడు. బాబా అతనికి అప్పగించిన సేవ అది.

"ఒక కాపీ ఇక్కడుంది బాబా. ఇంకోటి నెల్లూరులో మా అన్న ఇంట్లో పెట్టాను. అసలు క్యాసెట్లకు చెమ్మ తగలకుండా డబ్బాలు చేయించాను. ఇంకేం చేస్తే నూరేళ్లు ఉంటాయి?"

బాబా వెల్లుల్లి ఒలుస్తున్నాడు. తలెత్తకుండానే, "పీరమ్మకు చూపించావా?" అన్నాడు.

దస్తగిరి డబ్బాల వైపు తిరిగాడు.

పీరమ్మ తెచ్చిచ్చింది, చిన్నతనంలోనే జ్వరంతో పోయిన కూతురు రజియా ఒక బంధువుల పెళ్లిలో కనిపించే క్యాసెట్. "కళ్లు మసకలేస్తున్నాయి నాయనా, ఒక్కసారి వేసి చూపించు," అంది పీరమ్మ అప్పట్లో. బూజు పట్టింది, ఇప్పుడు వేస్తే తెగిపోతుందన్నాడు. అప్పటికి అది నిజమే. శుభ్రం చేసి కాపీ తీశాక కూడా పిలవలేదు. ఆమె వచ్చినప్పుడల్లా, "అందరివీ కానీమ్మా, ఒకేసారి చూపిస్తా," అని పంపేశాడు. రంజాన్ వెళ్లాక ఆమె రావడం మానేసింది.

"వెళ్లి పిలుచుకురా," అన్నాడు బాబా.

పీరమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. దస్తగిరి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎవరూ?" అంది.

ఆమె చూపు అతని మీద నిలవలేదు. అతను పేరు చెప్పి, చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు.

"క్యాసెట్టు బాగుందా నాయనా?" దారిలో అడిగింది.

"బాగుందమ్మా," అన్నాడు తల వంచుకుని. తల వంచినా ఆమెకు కనిపించదని అప్పుడు గుర్తొచ్చింది.

బాబా ఆమెను టీవీ ముందు చాప మీద కూర్చోబెట్టాడు.

"చూపు పోయింది బాబా," అన్నాడు దస్తగిరి గుసగుసగా. "ఇందులో మాటలు కూడా వినపడవు. బొమ్మ ఒక్కటే మిగిలింది."

"నీకు కనిపిస్తుందిగా. చెప్పు."

తెర మీద పెళ్లి పందిరి కదిలింది. ఇన్నాళ్లూ అతను గీతలున్నాయా, రంగు వెలిసిందా అని చూశాడే గానీ, అందులో మనుషుల్ని ఏనాడూ చూడలేదు.

"ఆకుపచ్చ పావడా... రెండు జడలు..."

"ఆ పావడా నేనే కుట్టా. నవ్వుతోందా?"

అతను తెర దగ్గరికి జరిగాడు.

"లేదమ్మా. ఎవరికో నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది."

"నాకే!" పీరమ్మ పకపకా నవ్వింది. "కెమెరా పక్కన నేనే నిలబడ్డా. చేతికి గోరింటాకు ఉందా?"

"ఉందమ్మా. ఆరకముందే చెరిపేసుకున్నట్టుంది."

ఆమె రెండు చేతులూ ముందుకు చాచి, గాలిలో ఆ చిన్న చేతుల్ని పట్టుకున్నట్టు అలాగే ఉండిపోయింది. దస్తగిరికి కళ్లు నిండి తెర అలుక్కుపోయింది. మాట ఆగిపోయింది.

"తర్వాత?" అంది పీరమ్మ.

అతను బాబా వైపు చూశాడు.

"కళ్లు తుడుచుకో," అన్నాడు బాబా. "ఆమె చూస్తోంది."