నక్కలరేవులో గెలిచిన పటం

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడతాను గానీ, ఆ రాజ్యం ఎక్కడుందని మాత్రం అడక్కండి. ఏ పటంలోనూ దొరకదు. ఒకవేళ దొరికిందా, ఆ పటాన్ని అసలే నమ్మకండి. ఎందుకో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఆ రాజ్యం పేరు వేగలూరు. రాజుగారి పేరు విజయకేసరి. రాజ్యం పిడికెడు, బిరుదులు బారెడు. భట్రాజు తూర్పు పొలిమేరలో బిరుదులు చదవడం మొదలుపెట్టి నడుచుకుంటూ పోతే, పడమటి పొలిమేర దాటి పక్కరాజ్యంలో కాలు పెట్టాక గానీ ఆఖరి బిరుదు వచ్చేది కాదు.

అంతటి రాజుగారి గుండెలో ఒక ముల్లుంది. అరవై ఏళ్ల కిందట ఆయన తాత ముమ్మడికేసరి నక్కలరేవు దగ్గర యుద్ధం చేసి ఓడిపోయాడు. పట్టపుటేనుగు బురదలో చతికిలబడింది, సైన్యం చెదిరింది, ఏటికి అవతలి దేశమంతా పోయింది. తాతగారు ఏరు ఈదుకుంటూ వచ్చి, కుమ్మరిలంకలో ఇంకా నిప్పు పెట్టని కుండల ఆవంలో దూరి దాక్కున్నాడు. వెనకాలే శత్రువులు వచ్చారు. పేరిందమ్మ అనే కుమ్మరిపిల్ల చేతిలో కొరివితో ఎదురొచ్చి, "తప్పుకోండి బాబూ, ఆవం ముట్టించే వేళయింది" అని వాళ్లను సాగనంపింది. తరవాత కొత్త ముంతలో ఇంత మజ్జిగ పోసి ఆయన ప్రాణం నిలబెట్టింది. ఆయన ఆ పిల్లనే పెళ్లాడాడు. వాళ్ల కొడుక్కి కొడుకే మన విజయకేసరి.

అప్పటినుంచీ వేగలూరులో ఒక ఆచారం. ఏటా పట్టాభిషేకం పండగనాడు కుమ్మరిలంక నుంచి ఒక పెద్దావిడ కొత్త ముంతతో మజ్జిగ తేవాలి. అది తాగితే గానీ రాజు సింహాసనం ఎక్కకూడదు. ఎందుకు తాగుతాడో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కొలువులో ఓటమి అన్న మాట నోట వచ్చిందంటే కొరడా దెబ్బలే. నక్కలరేవు సంగతి ఎత్తక తప్పకపోతే 'ఏనుగు విశ్రాంతి తీసుకున్న రోజు' అనాలి!

ఆ కొలువులో శార్ఙ్గపాణి అని ఒక పండితుడుండేవాడు. తర్కం బాగా చదివాడు. రాజుగారి ముఖం అంతకన్నా బాగా చదివాడు. ఒకరోజు ఆయన సన్నగా దగ్గి, "మహాప్రభూ, ఆ రోజు ఏనుగు విశ్రాంతి తీసుకోకపోయి ఉంటే?" అన్నాడు.

"ఉంటే?" రాజు దిండు వదిలి ముందుకు వంగాడు.

"తాతగారు గెలిచేవారు. ఏరు దాటేవారు. అప్పుడు మన రాజ్యం పటం ఎలా ఉండేదో తర్కబద్ధంగా గీయించి చూపిస్తాను."

గీయించాడు. ముప్ఫై మూరల గుడ్డమీద వేయించి కొలువుకూటం గోడకి వేలాడదీశాడు. మొదటి రోజు ఏటి అవతలి ఊళ్లన్నీ మనవయ్యాయి. ఒకసారి గెలిచిన తాత ఊరుకుంటాడా? మర్నాడు కొండలు మనవి. ఆ పైవారం సముద్రం కూడా మనదే. దాని ఒడ్డున ముత్యాలరేవని ఒక పట్నం, అందులో ముప్ఫై ఓడలు. పండితుడు పొద్దున స్నానం చేసి వచ్చి, భోజనం వేళకి ఒక దేశాన్ని జయించేసేవాడు. ఆయన చేతికి రక్తం అంటలేదు, రంగు మాత్రం కాస్త అంటింది.

ఇక చూసుకోండి తమాషా! రాజు ఆ పటంలో ఊళ్లకి అధికారులను వేయడం మొదలుపెట్టాడు. ఉద్యోగులు పైరవీలు మొదలుపెట్టారు. పొలిమేర గట్టు నాదంటే నాదని ఇద్దరు పెద్దమనుషులు నిండుకొలువులో జుట్లు పట్టుకున్నారు. లేని ఊరికి లేని గట్టు!

రాజుగారి పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడే అక్కలయ్య ఇదంతా చూస్తూ ఉండేవాడు. ఆకుకి సున్నం రాసినట్టే మాటకి కూడా కాస్త సున్నం రాయగలవాడు. "నీకే ఊరు కావాలిరా?" అని రాజు అడిగితే, "ఊరెందుకు ప్రభూ, పటంలో ఒక తమలపాకుతోట గీయించండి. రేపటినుంచి ఏలినవారికి ఆ ఆకులే చుట్టి ఇస్తాను" అన్నాడు. రాజుకి అర్థం కాలేదు గానీ నవ్వాడు. అక్కలయ్యా నవ్వుకుని ఊరుకున్నాడు.

అలా ఊరుకోవడమే తప్పయింది. పండితుడు ఒకనాడు పటం నడిమధ్యన నీలంరంగు పులిమించి, "గెలిచిన తాతగారు ఇక్కడ విజయసాగరమని చెరువు తవ్వించి ఉండేవారు" అన్నాడు. రాజు మేడెక్కి ఆ దిక్కు చూశాడు. చెరువు లేదు. కుమ్మరిలంక ఉంది, కుండల ఆవాల్లోంచి పొగ లేస్తోంది.

"పటంలో చెరువుంది, నేలమీద లేదు" అన్నాడు రాజు.

"అయితే తప్పు నేలది ప్రభూ" అన్నాడు పండితుడు.

నేల తప్పు దిద్దడానికి ఆజ్ఞ పుట్టింది. పట్టాభిషేకం పండగ అయిన మర్నాడే ఏటిగట్టు తెగ్గొట్టి లంకలోకి నీళ్లు వదలాలి. ఈలోగా నూటనలభై ఇళ్లవాళ్లూ ఖాళీ చేసి పోవాలి.

ఏటా మజ్జిగ తెచ్చే కుమ్మరి కోటమ్మ పొద్దున్నే అక్కలయ్య ఇంటికొచ్చి అరుగుమీద కూలబడింది. "అక్కలయ్య బాబూ, కుండలంటే నెత్తిన పెట్టుకుని పోతాం. ఆ మన్ను ఎక్కడికి పట్టుకుపోతాం? అలాంటి జిగురుమన్ను ఇంకెక్కడా లేదు. మా కుమ్మరిసారెలు తిరిగేది ఆ మన్నుతోనే" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది అక్కలయ్యకి.

ఆయనకి సిగ్గేసింది. "నేనూ పటం చూసి నవ్వుకుని కూర్చున్నానవ్వా. నవ్వే నోరుంది గానీ అడిగే నోరు లేకపోయింది నాకు" అన్నాడు. కాసేపు ఆలోచించి, "పండగనాడు ముంత తీసుకురా. మజ్జిగ మాత్రం నేను చెప్పేదాకా బయట కావిడిలోనే ఉండనీ" అన్నాడు.

ఆ పూటే రాజు దగ్గర చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, పటంలో ఒక లోటు కనిపిస్తోంది. అంత రాజ్యముంది, ఏలే సింహాసనమేదీ? సెలవిస్తే గీయిస్తాను. పండితులవారి తర్కం ప్రకారం దానిమీద ఎవరుండాలో వారినే కూర్చోబెట్టిస్తాను."

రాజు పొంగిపోయాడు. "మీసం బాగా రావాలి సుమా!" రాజుగారి మీసం పల్చన. పూటకోసారి కాటుకతో దిద్దించుకునేవాడు.

"మీసం సంగతి నాకు వదిలేయండి ప్రభూ" అన్నాడు అక్కలయ్య.

పండగ వచ్చింది. కొలువు కిటకిటలాడింది. పటానికి కొత్తగా తెర కట్టారు. రాజు నగలన్నీ పెట్టుకుని వచ్చి తెర లాగాడు.

పటం నడుమ, చెరువు పక్కన, బంగారు సింహాసనం. దానిమీద ముక్కూ మొహం తెలియని మనిషి ఎవడో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. వాడి మీసం గేదెకొమ్ముల్లా మెలితిరిగి చెవులదాకా పాకింది.

"ఎవడు వీడు?" రాజు గొంతు కీచుమంది.

"నాకూ తెలీదు ప్రభూ. పండితులవారి తర్కం వెంట నడుచుకుంటూ పోతే ఈయన గుమ్మంలో తేలాను. కావాలంటే వారినే అడుగుతాను" అని అక్కలయ్య పండితుడివైపు తిరిగాడు. "అయ్యా, గెలిచిన రాజు ఏరు వెనక్కి ఈదుతాడా?"

"ఈదడు! ఏనుగెక్కి అవతలి గట్టున ఊరేగుతాడు."

"ఊరేగేవాడు కుమ్మరి ఆవంలో దూరతాడా?"

"ఛీ ఛీ! అవతలి కోటలో పట్టుపరుపుమీద పడుకుంటాడు."

"ఆ కోటలో పెళ్లీడు రాకుమార్తె ఉందనుకోండి."

"చేపడతాడు. అది శాస్త్రసమ్మతమే."

"వాళ్లకో కొడుకూ, ఆపైన మనవడూ పుడితే?"

"లక్షణంగా పుడతా..." పండితుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఆ మనవడే ఈయన" అన్నాడు అక్కలయ్య.

"మరి నేను?" అన్నాడు రాజు, ఈసారి మెల్లగా.

"వెతికాను ప్రభూ. ముప్ఫై మూరలూ వెతికాను. ఏనుగులు అయిదొందలున్నాయి, ఓడలు ముప్ఫై ఉన్నాయి. తమరు లేరు, మీ నాయనగారూ లేరు. పోనీ నేనైనా ఉన్నానేమో అని చూశాను. ఆయనకి తాంబూలం అలవాటు లేదట."

రాజు గబగబా సింహాసనం మెట్టు దగ్గరికి వచ్చాడు. "మజ్జిగ తెండి! నేను సింహాసనం ఎక్కాలి!"

కోటమ్మ వచ్చి ముంత చేతికిచ్చింది. ముంత ఖాళీ. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం కదా బాబూ, కవ్వం మూట కట్టేశాం. పైయేటికి ఈ ముంత కూడా ఉండదు, నీళ్లలో కూర్చుని ఎవరు చేస్తారు?" అంది.

రాజు ఖాళీముంతతో మెట్టు కింద నిలబడిపోయాడు. ఎదురుగా ఆ మీసాలవాడు హాయిగా కూర్చునే ఉన్నాడు. రాజుకి ఒళ్లు మండిపోయింది. "వాణ్ణి దింపండి!"

సేనాపతి కత్తి దూసి గోడవైపు రెండడుగులు వేశాడు. తరవాత ఏం చేయాలో తోచక అక్కడే ఆగిపోయాడు.

"కత్తికి దిగడు ప్రభూ" అన్నాడు అక్కలయ్య. "వాళ్ల తాత గెలిచాడు, వాడు కూర్చున్నాడు. దింపడానికి దారి ఒకటుంది. కానీ ఆ మాట నేనంటే కొరడా దెబ్బలు తినాలి. ఏలినవారే సెలవియ్యండి."

రాజు పటం చూశాడు. ముంత చూశాడు. మళ్లీ ఆ మీసం చూశాడు.

"ఓడిపోవాలి!" అని అరిచాడు. "మా తాత ఓడిపోవాలి! ఇప్పుడే, నా కళ్లముందే ఓడిపోవాలి! ఏడీ చిత్రకారుడు?"

చిత్రకారుడు పరుగున వచ్చి నక్కలరేవులో ఏనుగును బురదలో కూర్చోబెట్టాడు.

"ఇంకాస్త లోతుగా" అన్నాడు రాజు.

మీసాలవాణ్ణి తుడిచేశారు. సముద్రం, కొండలు, ముత్యాలరేవు అన్నీ పోయాయి. "మరి విజయసాగరం ప్రభూ?" అని అక్కలయ్య అమాయకంగా అడిగాడు.

"బుద్ధుందా నీకు? ఓడినవాడు విజయసాగరం తవ్వుతాడా? తుడిచెయ్యమను! లంక ఉండాలి, ఆవం ఉండాలి, అందులో మా తాత ఉండాలి!"

మరేం లేదు, నూటనలభై ఇళ్ల మొహం చూసి ఆగని నీళ్లు ఒక్క మీసం చూసి ఆగాయి. రాజుల దయ ఎటునుంచి వస్తుందో ఎవరికి తెలుసు, వచ్చినప్పుడు పట్టుకోవాలి.

అక్కలయ్య తల ఊపగానే బయట కావిడిలోంచి మజ్జిగ వచ్చింది. కోటమ్మ ముంత నిండా పోసింది. రాజు గటగటా తాగి, సింహాసనంమీద కూర్చుని, రెండు చేతులా దాన్ని తడిమి చూసుకుని అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. "ఒరే అక్కలయ్యా, నా సింహాసనం నాకు తిరిగి ఇప్పించావు. నీకో ఊరిస్తాను, తీసుకో!"

"పటంలోనా, నేలమీదా ప్రభూ?"

రాజుకి ఈసారి అర్థమైంది. పకపకా నవ్వాడు. కాటుకా మజ్జిగా కలిసి గడ్డంమీదికి కారేదాకా నవ్వాడు. "నేలమీదేరా! ఇంకేం కావాలి?"

"ఆ ఊరు కుమ్మరిలంకే కానివ్వండి. నా పేరున వద్దు, వాళ్ల పేరున రాగిరేకుమీద చెక్కించండి. నాకు ఈ గుడ్డ చాలు."

రెండూ దొరికాయి. రాజు అంతటితో ఊరుకోక అక్కలయ్య మెళ్లో తన ముత్యాలహారం వేసి, శార్ఙ్గపాణి పండితుణ్ణి ముత్యాలరేవుకి అధికారిగా వేశాడు. తక్షణం బయల్దేరి ఉద్యోగంలో చేరమన్నాడు. ఆయన ఇప్పటికీ దారి అడుగుతూనే ఉన్నాడని చెప్పుకుంటారు.

ముప్ఫై మూరల గుడ్డనీ అక్కలయ్య కోటమ్మకిచ్చాడు. పచ్చికుండలు ఎండకి పగలకుండా వాళ్లు దాన్ని తడిపి పైన కప్పారు. ఎంత తుడిచినా కాస్త నీలం మిగిలి ఉంది కాబోలు, ఆ ఏడు లంక కుండలన్నిటిమీదా నీలం మరకలు దిగాయి.

సంతలో ఎవరైనా అదేమిటని అడిగితే, కోటమ్మ కుండని వేలితో కొట్టి ఖంగున మోగించి చూపించి, "మా రాజుగారి సముద్రమమ్మా, ఇన్నాళ్లకి నీళ్లు పోసుకోవడానికి పనికొచ్చింది" అనేదట.