ఆఖరి చోటు

మగ్గం నేసే ఓబులేసుకి గుట్ట పందెం గురించి తెలియని సంగతి లేదు. ఏటా ఉరుసు నాడు దర్గా ముందు నుంచి పరిగెత్తి, గుట్ట మీది జెండా కట్టను తాకి, మళ్ళీ దర్గా దగ్గరికి దిగి రావాలి. ఎక్కడ గులకరాళ్ళు జారతాయో, ఎవడు మొదట్లో ఎగిరెగిరి పరిగెత్తి సగంలో చతికిలబడతాడో, అన్నీ చెప్పేస్తాడు. పరిగెత్తేవాళ్ళే వచ్చి సలహా అడిగి పోతారు. ఆరేళ్ళుగా చూస్తున్నాడు మరి.

తను మాత్రం ఒక్కసారీ గీత మీద నిలబడలేదు.

పోనీ ఆశ లేదా అంటే, అయ్యో, ప్రాణమంతా అక్కడే! తప్పెట మోగిందంటే చాలు, నిలబడ్డ చోటే కాళ్ళు ఆడతాయి. ముప్పై ఏళ్ళు నిండాయి. ఇంకెప్పుడు పరిగెత్తుతానని లోపల ఒకటే బెంగ.

ఉరుసు ముందురోజు దర్గా వాకిలి చిమ్ముతూ, తన గురువు పీరు తాత దగ్గర నోరు విప్పాడు.

"తాతా, ఈసారికీ చూస్తానంతే. ఇంకొక్క ఏడు చూస్తే బాగా తెలుస్తుంది."

"ఇంకేం తెలియాలి నాయనా? ఏటా పందెం అయ్యి జనం పోయాక నువ్వు ఒక్కడివే గుట్టెక్కి దిగడం నేను చూడలేదనుకున్నావా?"

ఓబులేసు చీపురు ఆపేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలియక కాదు తాతా. భయం. ఆఖరున వస్తే తోక అంటారు."

ఆ ఊళ్ళో అదొక పాడు సరదా. ఆఖరున దిగినవాడు మళ్ళీ ఉరుసు దాకా తోకే. అంగట్లో తోక, మగ్గం దగ్గర తోక. పాపం, వెంకటసామి పెళ్ళిపత్రికలో కూడా 'తోక వెంకటసామి' అనే అచ్చేయించారు. ఆడపెళ్ళివాళ్ళు అది ఇంటిపేరే అనుకున్నారు!

తాత నవ్వలేదు. "ఊఁ" అని చేతికర్ర అందుకుని లేచాడు.

తెల్లవారి దర్గా ముందు జనం కిక్కిరిసిపోయారు. ఓబులేసు ఎప్పటిలాగే పందెం చూసే తన బండ మీదికెక్కాడు. సున్నపు గీత మీద పన్నెండు మంది నిలబడ్డారు. పదమూడో మనిషిగా వచ్చి నిలబడింది ఎవరనుకున్నారు? పీరు తాత!

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు వాచి, నమాజు కూడా కూర్చునే చేస్తున్నాడు. అలాంటివాడు లుంగీ ఎగ్గట్టి, చేతికర్ర పట్టుకుని నిలబడితే జనం ఊరుకుంటారా? గొల్లుమన్నారు. ఓబులేసు బండ మీంచి దూకి పరుగున వచ్చాడు.

"తాతా, ఇదేం పని! ఆ మోకాళ్ళతోనా? రండి, పక్కకి రండి."

"ఏం, వద్దన్న రూలుందా?"

"మీరు ఆఖరున వస్తారు తాతా! ఏడాది పొడుగునా ఊరంతా మిమ్మల్ని తోక అంటుంది."

"అననీ. ఆ చోటు నేను పట్టేసుకున్నా. మిగతా వాటిలో నీకేది కావాలో చూసుకో."

తప్పెటాయన అప్పటికే పుల్ల ఎత్తాడు. ఓబులేసు చెప్పులు విడిచి, పంచె ఎగదోపి, తాత పక్కన గీత మీద కాలు పెట్టాడు.

తప్పెట మోగింది. అందరూ గుట్ట వైపు లగెత్తారు. ఓబులేసు కూడా లగెత్తాడు. పది అంగలు వేశాడో లేదో, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ఆగి వెనక్కి తిరిగి చూశాడు. తాత కర్ర పోటేసుకుంటూ, పళ్ళు బిగించి ఒక్కో అడుగే వేస్తున్నాడు.

ఓబులేసుని చూడగానే తాతకి కోపమొచ్చింది. కర్ర గాల్లోకెత్తి అరిచాడు.

"నన్ను చూడ్డానికి ఊరంతా ఉందిరా! నువ్వు పరిగెత్తు!"