సీలాసు సాక్ష్యం

ప్రభువు తన బతుకు ఎలా మార్చాడో సీలాసు కూటాల్లో సాక్ష్యం చెబుతున్నాడంటే పక్క పల్లెల నుంచి జనం ఆటోలు కట్టించుకుని మరీ వచ్చేవారు. ఒకప్పుడు రేవులో అతని పేరు చెప్పి తల్లులు పిల్లలకు అన్నం తినిపించేవారు. అంతటి కోపిష్టి. అలాంటివాడు మారుమనస్సు పొంది, గొంతు పెంచడమే మానేశాడు. ఎవరేమన్నా చిరునవ్వే. ఆ చిరునవ్వంటే అతనికి కాస్త మురిపెం కూడా. ఉండదా మరి!

సాక్ష్యంలో అసలు ఘట్టం తమ్ముడు నతానియేలుది. నాన్న పడవ పంపకం దగ్గర మాటా మాటా పెరిగి, సీలాసు తమ్ముడి చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బకు తమ్ముడి చెవి పోయింది. ఈ సంగతి దగ్గరకు వచ్చేసరికి సీలాసు గొంతు బొంగురుపోయేది. తన కుడి చెవి మూసుకుని చూపిస్తూ, "ఈ చెవి! నా చేత్తోనే పోగొట్టాను!" అనేవాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకునేవారు. "స్తోత్రం!" అని నలుమూలల నుంచీ వినబడేది. నిజం చెప్పొద్దూ, ఆ స్తోత్రం వినబడేదాకా సీలాసు తరువాతి మాట ఎత్తేవాడు కాదు.

అతనికి వాక్యం నేర్పింది ముసలి పాస్టరు గిద్యోను అయ్యగారు. ఆయనకు ఓపిక తగ్గింది. సంఘాన్ని ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఆ ఒకరు తను కాక ఇంకెవరని సీలాసు ధీమా. ఉపవాస దినాలు ముగుస్తున్నా అయ్యగారు ఆ ఊసెత్తకపోయేసరికి, ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, సంఘం నాకెప్పుడు అప్పజెబుతారు? నాలో ఇంకా ఆశానిగ్రహం చాలలేదంటారా?"

"నీ సాక్ష్యం ఊరూవాడా విన్నది. మీ తమ్ముడు విన్నాడా?"

"వాడు గుడికి రాడు కదండీ."

"నీకు కాళ్లున్నాయిగా నాయనా. పద," అంటూ అయ్యగారు చేతికర్ర అందుకున్నారు.

నతానియేలు ఒడ్డున పడవ నీడలో కూర్చుని, హోరుమంటున్న సముద్రం వైపు తిరిగి, చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. వీళ్లు రావడం చూడలేదు. సీలాసు జాగ్రత్తగా ఆలోచించాడు. కుడి చెవి వినబడదు గనుక ఎడమ పక్కకు వెళ్లి, కాస్త వెనగ్గా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ, నేను ఘోరపాపిని. ప్రభువు నా కళ్లు తెరిపించాడు..."

నతానియేలు చేతిలో సూది ఆగలేదు. సీలాసు మామూలుగా జనం ఏడ్చే చోటు దాకా వచ్చాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్లు మండిపోయింది. తనంతటివాడు ఇంత తగ్గి వస్తే ఇదా మర్యాద!

"చూశారా అయ్యగారూ వీడి పొగరు! తలైనా తిప్పడే!"

తన గొంతు పెరిగిందని కూడా అతనికి తెలియలేదు.

అయ్యగారు దగ్గరకొచ్చి సీలాసు చెయ్యి పట్టుకున్నారు. తమ్ముడి వెనకనుంచి నడిపించుకెళ్లి, కుడి పక్కన ఇసుకలో కూర్చోబెట్టారు.

సీలాసు కొయ్యబారిపోయాడు. ఎదురుగా నిలబడి కుడిచేత్తో కొడితే దెబ్బ ఏ చెవిన పడుతుందో చంటిపిల్లాడైనా చెబుతాడు. ఎన్ని కూటాల్లో చెప్పాడు, ఎంతమందిని ఏడిపించాడు! పోయింది ఏ చెవో ఒక్కనాడూ వచ్చి చూసిన పాపాన పోలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

కంఠతా వచ్చిన సాక్ష్యంలో ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"నతానీ," అన్నాడు మెల్లగా.

తమ్ముడు ఉలిక్కిపడి తిరిగాడు. చేతిలోని వల ఒళ్లోకి జారింది. అన్న ముఖంలోకి చూశాడు.

"ఎప్పుడొచ్చావన్నా?"

సీలాసుకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఇప్పుడేరా," అన్నాడు.